గులకకొండల బక్‌వీట్: నాటబోయే పిల్లలకు

లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల కొండవాలుల్లో ఇళ్లు కొనుక్కున్న మన పిల్లలు పెరట్లో ఏం వేయమంటారని అడుగుతుంటారు. కాలిఫోర్నియా బక్‌వీట్ వేయమంటాను.

1. ముందు దాన్ని సాన్ గేబ్రియల్ కొండల మీద చూసి రండి. మట్టికన్నా గులక ఎక్కువున్న వాలులో, ఎండ మాడ్చే చోట, నడుం ఎత్తుకు మించని పొద. ఆకు వెనక్కి తిప్పి చూడండి. పైన పచ్చగా, అంచులు కిందికి ముడుచుకుని, అడుగున తెల్లటి నూగుతో ఉంటుంది. తడి ఆరిపోకుండా అదే కాపు.

2. పేరులో ‘వీట్’ ఉన్నా గోధుమతో చుట్టరికం లేదు. ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకు వాడే కుట్టు పిండి మొక్కా ఇదీ ఒకే కుటుంబం.

3. వానలు మొదలయ్యే నవంబరులో నాటండి. పాదు చేసి, పశువుల ఎరువేసి, రోజూ నీళ్లు పోయడం మనకు అలవాటు. దీనికి అది పడదు. మొదటి వేసవి మాత్రం అప్పుడప్పుడు లోతుగా తడపండి. వేరు దిగాక ఎండాకాలంలో నీళ్లు ఆపేయండి. వేడి మట్టిలో తడి నిలిస్తే వేరు కుళ్లుతుంది.

4. వేసవిలో తెల్లగా, లేత గులాబీగా పూసిన గుత్తులు శరత్కాలానికి తుప్పురంగుకు తిరుగుతాయి. ఎండిపోయిందని కత్తిరించకండి. అందులో గింజలున్నాయి, పిట్టలు వస్తాయి.

5. ఇది అన్నిటికన్నా ముఖ్యం. స్థానిక మొక్కే కదా అని ఎక్కడపడితే అక్కడ నాటకూడదు. లాస్ ఏంజిలిస్ విమానాశ్రయం పక్కన సముద్రపు ఇసుకదిబ్బల మీద ఎల్ సెగుండో బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక ఉంది. దాని గొంగళిపురుగులు తినేది అక్కడి మరో బక్‌వీట్ పూలనే. 1970లలో ఆ దిబ్బల మీద మన కొండ బక్‌వీట్ విత్తనాలు చల్లారు. ఇది ముందే పూస్తుంది. ఆ పూలమీద వేరే పురుగులు పెరిగి, తర్వాత పూసే దిబ్బల బక్‌వీట్ మీదికీ ఎగబడి, నీలి సీతాకోకచిలుకల పిల్లలకు తిండికి పోటీ అయ్యాయి. 1976లో ఆ సీతాకోకచిలుకను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు. కొండ రకాన్ని పీకేసి, దిబ్బల రకాన్ని తిరిగి నాటాకే వాటి సంఖ్య పెరిగింది. ఆ కథ విన్నప్పటినుంచీ నర్సరీకి వెళ్లే ప్రతి పిల్లాడికీ చెబుతున్నాను: కొండవైపు ఇల్లయితే ఇది తెచ్చుకోండి, ఆ తీరపు దిబ్బల దగ్గరైతే దాని జోలికి పోకుండా అక్కడి రకాన్నే అడగండి.