మూగజీవుల హక్కు

మనలో చాలామంది మూగజీవుల పట్ల దయ చూపడాన్ని ఐచ్ఛికమైన సత్కార్యంగా మాత్రమే భావిస్తారు. చేస్తే పుణ్యం, చేయకపోతే పోయేదేమీ లేదనుకుంటారు. కాని పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, వెతుక్కు తినడానికి వదలక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలయిందని దైవప్రవక్త (స) తెలియజేశారు. దాహంతో అలమటిస్తున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్ళు తెచ్చి తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని కూడా ఆయనే చెప్పారు. ఈ రెండు ఉదంతాలూ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి. అంటే ఇది రేపు లెక్క చెప్పుకోవలసిన విషయమన్నమాట.

దేశ చట్టం సంగతి చూద్దాం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం పశువును కొట్టడం, మోయలేని బరువు మోయించడం, ఆకలికి మాడ్చడం నేరాలు. అయితే మొదటిసారి నేరానికి అందులో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఆ కాలంలో అది పెద్ద మొత్తమే కావచ్చు, ఇప్పుడు ఎవరూ లక్ష్యపెట్టరు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత మాత్రం జంతువును చంపడానికి, విషం పెట్టడానికి, అవిటిదాన్ని చేయడానికి 5 సంవత్సరాల వరకు శిక్ష విధించవచ్చంటోంది (సెక్షన్ 325).

విశాఖపట్నంలో ఈ ప్రశ్న ముఖ్యంగా వీధి కుక్కల విషయంలో తలెత్తుతుంది. పాత నగరం సందుల్లో ఫజ్ర్ నమాజుకు వెళ్ళే వృద్ధులు, మదరసాకు నడిచి వెళ్ళే పిల్లలు కుక్కలకు భయపడడం సహజం. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే గాయాన్ని 15 నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం అద్దుతూ కూర్చోకూడదు.

కాని భయం పేరిట విషం పెట్టే అధికారం మనకు లేదు. జంతు జనన నియంత్రణ నియమాలు (2001లో వచ్చినవి, 2023లో మార్చినవి) ఈ పనిని నగరపాలక సంస్థకు అప్పగించాయి. కుక్కలను పట్టి, శస్త్రచికిత్స చేయించి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే వదలాలన్నది ఆ నియమం. రేబిస్ సోకినవాటిని, మనుషుల మీద పడేవాటిని వదలనక్కర లేదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. మిగతా చోట్ల మళ్ళీ అక్కడే వదలడం ఎందుకని కొందరు విసుక్కుంటారు. తిండి దొరికే చోటు ఖాళీ అయితే టీకా లేని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి, అందుకు.

కుక్క ఎంగిలి గురించిన ధర్మాదేశాన్ని కొందరు దాన్ని రాళ్ళతో కొట్టడానికి అనుమతిగా తీసుకుంటున్నారు. ఆ ఆదేశం పాత్ర కడగడానికి సంబంధించినది. దాహంతో ఉన్న కుక్క ఉదంతం చెప్పిందీ అదే ప్రవక్త (స) కదా!

ఇంతకీ ఆ తిండి ఎక్కడిది? చేపలు కోసేచోట, మాంసం దుకాణాల వెనుక, బక్రీదు నాడు మన ఇళ్ళ ముందు పారేసిన వ్యర్థాలే ఎక్కువ. కుక్కలను మనమే పిలిచి, ఆ తర్వాత మనమే తరుముతున్నాం. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని హదీసులో ఉండగా, దారిలో పేగులు పారేసేవారిని ఏమనాలి?

ఖుర్బానీ పశువు విషయానికి వద్దాం. మతాచారం ప్రకారం జిబహ్ చేయడాన్ని 1960 చట్టంలోని 28వ సెక్షన్ నేరంగా పరిగణించలేదు. అయితే పట్టణాల్లో లైసెన్సు ఉన్న కబేళాలోనే కోయాలనీ, చూలు పశువును, మూడు నెలల లోపు పిల్లను కోయరాదనీ, ఒక పశువు కళ్ళెదుట మరొకదాన్ని కోయరాదనీ 2001 నాటి కబేళాల నియమాలు చెబుతున్నాయి. ఈ చివరి మాట మనకు కొత్తదా? గొర్రె చూస్తుండగా కత్తి నూరుతున్న వ్యక్తిని, దానికి రెండు చావులు ఎందుకని ప్రవక్త (స) మందలించారు. జిబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టి, పశువుకు సుఖం కలిగించాలని షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది (ముస్లిం).

మేకను కాళ్ళు కట్టి మోటారు సైకిలు మీద అడ్డంగా వేసుకుని తెచ్చేవారు ఈ హదీసు విన్నవారే. రైలు, రోడ్డు ప్రయాణం ఆరు గంటలు దాటితే మేకలు, గొర్రెల కాళ్ళు కట్టరాదని 1978 నాటి రవాణా నియమాల్లో ఉంది. పావుగంట ప్రయాణమైతే కట్టిన కాలు నొప్పి పెట్టదా?

మస్జిదు కమిటీలు పండుగకు ముందే నగరపాలక సంస్థ పారిశుద్ధ్య సిబ్బందితో మాట్లాడి, ఏ వీధికి ఎన్ని గంటలకు బండి వస్తుందో జుమా రోజున ప్రకటించాలి. పేగులు, నెత్తురు అంటిన గడ్డి మూటగట్టి బండికే ఇవ్వాలి, కాలువలో వేయరాదు. తోళ్ళకు ఆలస్యం చేయకుండా ఉప్పు పట్టించాలి, లేకపోతే మదరసాకు చేరేలోగా అవి ఎవరికీ పనికిరాకుండా పోతాయి.