మిల్లింగ్ మెషీన్‌కు డీఆర్‌వో: తెర మీది అంకె దేన్ని కొలుస్తుంది?

తెలుగు జిల్లాల్లో డీఆర్‌వో అనగానే జిల్లా రెవెన్యూ అధికారి గుర్తొస్తారు. ఢిల్లీని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్‌లో, సాహిబాబాద్, బులంద్‌షహర్ రోడ్ పారిశ్రామిక వాడల వంటి చోట్ల ఆ మాటకు అర్థం వేరు. అక్కడ డీఆర్‌వో అంటే డిజిటల్ రీడవుట్. మిల్లింగ్ మెషీన్ టేబుల్ ఎంత కదిలిందో అంకెల్లో చూపే చిన్న పెట్టె. సరదా కోసం ఇంట్లో చిన్న మెషీన్ పెట్టుకున్నవారూ, పాత మెషీన్‌తో జాబ్ వర్క్ చేసుకునేవారూ చాలామంది మొదట కొనాలనుకునేది దీన్నే. తెరపై మిల్లీమీటరులో 0.005 వంతు వరకు కనిపిస్తుంది. దాంతో మెషీన్ కూడా అంత కచ్చితమైపోయిందన్న నమ్మకం కలుగుతుంది. అది నిజమో కాదో తేలాలంటే ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

డీఆర్‌వో లేని మెషీన్‌లో మనం కొలిచేది టేబుల్‌ను కాదు, హ్యాండిల్‌ను. లీడ్ స్క్రూ పిచ్ 5 మిల్లీమీటర్లు, డయల్ మీద 250 గీతలు ఉంటే ఒక గీత 0.02 మిల్లీమీటర్లు. లెక్క బాగానే ఉంది. కానీ స్క్రూకూ నట్‌కూ మధ్య కొంత ఖాళీ తప్పదు. పాత అంబాసిడర్ కారు స్టీరింగ్ కొంత తిప్పేదాకా చక్రాలు కదలవు కదా, ఇదీ అంతే. హ్యాండిల్ దిశ మార్చినప్పుడు ముందు ఈ ఖాళీ తీరాలి, తర్వాతే టేబుల్ కదులుతుంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. అరిగిన మెషీన్‌లో ఇది 0.2 మిల్లీమీటర్లున్నా ఆశ్చర్యం లేదు. అందుకే అనుభవం ఉన్న పనివాళ్లు ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు చేరతారు, దాటిపోతే బాగా వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెడతారు.

డీఆర్‌వో స్క్రూను పట్టించుకోదు. టేబుల్ పొడవునా ఒక స్కేలు బిగిస్తారు, దాని మీదుగా కదిలే రీడ్‌హెడ్‌ను సాడిల్‌కు బిగిస్తారు. ఎక్కువగా వాడే గాజు స్కేలు మీద గీతలు 20 మైక్రాన్లకు ఒకటి చొప్పున ఉంటాయి. వెంట్రుక మందంలో అలాంటివి మూడు నాలుగు పడతాయి. అంత సన్నని గీతలను లెక్కపెట్టే ఉపాయం తెలియాలంటే దోమతెరను రెండు మడతలుగా పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూడండి. రెండు పొరలూ కలిసిన చోట వెడల్పాటి నీడల చారలు కనిపిస్తాయి. ఒక పొరను కాస్త జరిపితే చాలు, ఆ చారలు ఎంతో దూరం పరుగెడతాయి. వీటిని మోయిరే చారలంటారు. రీడ్‌హెడ్‌లోనూ అలాంటి గీతలున్న చిన్న గాజు ముక్క ఉంటుంది. రెండు గీతల వరుసల గుండా వచ్చే కాంతి పెరిగి తగ్గడాన్ని సెన్సర్లు పసిగడతాయి. రెండు సెన్సర్లను పావు పిచ్ తేడాతో పెడతారు. ఏది ముందు వెలిగిందో చూస్తే టేబుల్ ఎటు కదులుతోందో తెలుస్తుంది. ఒక్కో పిచ్‌కు నాలుగు మార్పులు దొరుకుతాయి. 20 మైక్రాన్లను నాలుగుతో భాగిస్తే 5 మైక్రాన్లు. తెర మీది 0.005 అదే.

ఈ లెక్కింపు కరెంటు ఉన్నంతసేపే. సరఫరా పోయినప్పుడు ఎవరైనా హ్యాండిల్ తిప్పితే ఆ కదలిక లెక్కలోకి రాదు. అందుకే మంచి స్కేళ్ల మీద రిఫరెన్స్ గుర్తు ఉంటుంది. కరెంటు వచ్చాక ఆ గుర్తును దాటిస్తే పాత సున్నా దొరుకుతుంది. కోతలు ఎక్కువున్న చోట రిఫరెన్స్ గుర్తు లేని స్కేలు కొనడం పొదుపు కాదు.

ఇక బిగింపు. స్కేలు టేబుల్ కదలికకు సమాంతరంగా ఉండాలని, ఆ చివర నుంచి ఈ చివరకు తేడా 0.1 మిల్లీమీటరుకు మించకూడదని సాధారణంగా చెబుతారు. స్కేలు కాస్త వంకరగా ఉంటే కొలత చెడిపోతుందేమోనన్న భయం సహజం. లెక్క వేస్తే అది అంత పెద్ద విషయం కాదని తేలుతుంది. 300 మిల్లీమీటర్ల పొడవులో ఒక చివర 1 మిల్లీమీటరు పక్కకు పోయినా కొలతలో తప్పు రెండు మైక్రాన్ల లోపే. వంకర 3 మిల్లీమీటర్లైతే తప్పు తొమ్మిది రెట్లు పెరిగి 15 మైక్రాన్లవుతుంది. మరి 0.1 నియమం ఎందుకు? రీడ్‌హెడ్ బిగుసుకుపోకుండా, గాజుతో దాని ఎడం చెదరకుండా ఉండడానికి. డయల్ గేజ్‌ను కదలని భాగానికి నిలిపి, దాని మొనను స్కేలు ఒంటికి ఆనించి, టేబుల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి చూసుకోవాలి. రబ్బరు పెదవులున్న వైపు కిందికి తిప్పాలి, లేకపోతే ఇనుప రజను, కూలెంట్ లోపలికి చేరతాయి.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. స్కేలు టేబుల్ అంచున ఉంటుంది, కట్టర్ కోసేది టేబుల్ మధ్యలో. జర్మనీలోని యేనా నగరంలో జైస్ సంస్థతో కలిసి పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బె 1890లోనే ఈ సంగతి చెప్పాడు. కొలిచే స్కేలు, కొలవాల్సిన వస్తువు ఒకే గీత మీద ఉండాలి, పక్కపక్కన పెడితే ఏ చిన్న మెలి వచ్చినా అది తప్పుగా మారుతుంది. మన టేబుల్ 300 మిల్లీమీటర్లకు 0.03 చొప్పున మెలి తిరిగిందనుకుందాం. స్కేలుకూ కట్టర్‌కూ మధ్య 150 మిల్లీమీటర్ల ఎడం ఉంటే కోతలో తప్పు 15 మైక్రాన్లు, అంటే తెర చివరి అంకెకు మూడు రెట్లు. ఆ తప్పు తెర మీద కనిపించదు.

ఆ మెలి గిబ్ వదులుగా ఉండడం వల్ల వస్తుంది. టేబుల్ జారే దారికి పక్కన ఉండే సన్నని పట్టీ పేరే గిబ్. హ్యాండిల్ బరువెక్కేదాకా దాన్ని బిగించి, తర్వాత కాస్త వదలాలి. ఈ పని టేబుల్ చివర్లలో కూడా చేసి చూడాలి, ఎందుకంటే అరుగుదల మధ్యలో ఎక్కువ. మధ్యలో సరిగ్గా ఉండేలా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. అలాంటప్పుడు రెండింటికీ మధ్యస్థంగా ఎక్కడో ఆపక తప్పదు. ఇక్కడ డీఆర్‌వో మరో ఉపకారం చేస్తుంది. టేబుల్ లాక్ బిగిస్తూ అంకెల వైపు చూడండి. టేబుల్ పక్కకు జరుగుతుంటే అంకె మారుతుంది. స్కేలు లేని రోజుల్లోనూ అది జరిగేది, మనకు కనిపించేది కాదు. నా ఉద్దేశంలో పెట్టిన డబ్బుకు దక్కే అసలు ఫలితం ఇదే.

దీనికి అసలు తెలియని విషయాలూ ఉన్నాయి. గుండ్రని స్తంభం మీద తల జారే చౌక రకం మెషీన్‌లో డ్రిల్లు మార్చడానికి తలను పైకెత్తితే అది కాస్త పక్కకు తిరిగిపోతుంది. టేబుల్ కదల్లేదు కాబట్టి తెర పాత అంకెలే చూపిస్తుంది, రంధ్రం మాత్రం వేరే చోట పడుతుంది. స్పిండిల్ టేబుల్‌కు లంబంగా లేకపోయినా అంతే, దానికి స్పిండిల్‌కు డయల్ గేజ్ కట్టి వృత్తంలా తిప్పి చూడాల్సిందే. బ్యాక్‌లాష్ కూడా ఎక్కడికీ పోలేదు, కొలతలోంచి మాత్రమే తప్పుకుంది. కట్టర్ పళ్లు టేబుల్ కదిలే దిశలోనే కోసేటప్పుడు అవి టేబుల్‌ను ఆ ఖాళీ మేరకు ఒక్కసారిగా లాగేయగలవు. కట్టర్ విరిగేదీ, ముక్క వైస్‌లోంచి ఎగిరేదీ అప్పుడే. తెర ఆ గెంతును చూపిస్తుంది, కాకపోతే జరిగిపోయాక.

ఘాజియాబాద్‌లో వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది, జనవరి రాత్రుల్లో 10కి దిగువకు పడిపోతుంది. పొడవుల కొలతకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని 1931లో అంతర్జాతీయంగా నిర్ణయించారు. ఒక డిగ్రీకి మీటరు పొడవున అల్యూమినియం దాదాపు 23 మైక్రాన్లు, ఉక్కు 11.5, మామూలు గాజు 8 వరకు సాగుతాయి. 40 డిగ్రీల గదిలో, స్వేచ్ఛగా సాగే గాజు స్కేలును నమ్మి అల్యూమినియం దిమ్మలో 100 మిల్లీమీటర్ల ఎడంతో రెండు రంధ్రాలు వేస్తే, 20 డిగ్రీలకు చల్లారాక ఆ ఎడం 0.03 మిల్లీమీటర్లు తగ్గి ఉంటుంది. అవి గేర్ల బేరింగులకు వేసిన రంధ్రాలైతే ఆ తేడాకే గేర్లు పట్టేయవచ్చు. ఉక్కు ముక్కకైతే తేడా 0.007 మాత్రమే. వేసవిలో ఇబ్బంది పెట్టేది అల్యూమినియమే.

స్కేలు చెప్పే 100 నిజంగా వందేనా అన్నది చూడడానికి స్లిప్ గేజ్ కావాలి. కదలకుండా నిలిపిన డయల్ గేజ్‌ను టేబుల్ మీది స్టాపుకు తాకించి తెరను సున్నా చేయాలి. టేబుల్‌ను వెనక్కి నడిపి, స్టాపుకు 100 మిల్లీమీటర్ల స్లిప్ గేజ్ ఆనించి, డయల్ మళ్లీ అదే గీతకు వచ్చేదాకా నడపాలి. ఆ స్లిప్ గేజ్‌కు విలువ ఇచ్చిన ప్రయోగశాల, దానికి ప్రమాణం ఇచ్చిన మరో ప్రయోగశాల అంటూ వెనక్కి వెళితే యమునకు ఆవలి ఒడ్డున ఢిల్లీలో ఉన్న జాతీయ భౌతిక ప్రయోగశాల దగ్గర తేలుతాం. కె.ఎస్. కృష్ణన్ తొలి డైరెక్టరుగా పనిచేసిన సంస్థ అది. దేశంలో మీటరుకు ఆధారం అక్కడుంది. 1983 నుంచి ఆ మీటరు లోహపు కడ్డీ కాదు, కాంతి సెకనులో 299792458వ వంతు కాలంలో ప్రయాణించే దూరం.

తెర మీద 99.985 వచ్చిందనుకోండి. చాలా డీఆర్‌వోల సెట్టింగుల్లో ఆ తేడాను సరిదిద్దే వీలుంటుంది. దాన్ని ముట్టుకునే ముందు గిబ్‌లు మరోసారి చూసి, ఇదే పరీక్షను టేబుల్ రెండు చివర్లలోనూ చేయాలి. మూడు చోట్లా తేడా ఒకేలా వస్తే స్కేలుదో, దాని వంకరదో అయ్యుండాలి, దిద్దుకోవచ్చు. చోటు మారినప్పుడల్లా మారితే అది మెషీన్‌ది, సెట్టింగుల్లో ఏ అంకె వేసినా పోదు.