ఎలిగేటర్: గూటి వేడే నిర్ణేత

మొసలికి దగ్గరి బంధువైన ఎలిగేటర్ అమెరికా ఆగ్నేయ ప్రాంతపు చిత్తడి నేలల్లో జీవిస్తుంది. నోరు మూసినప్పుడు మొసలికి కింది దవడ నాలుగో పన్ను బయటికి కనిపిస్తుంది, ఎలిగేటర్‌కు కనిపించదు.

తల్లి ఆకులు, మట్టి కుప్పగా పోసి అందులో సుమారు 35 నుంచి 50 గుడ్లు పెడుతుంది. కుళ్లే ఆకుల వేడికి అవి పొదగబడతాయి. గూటిలో సుమారు 33 డిగ్రీల సెల్సియస్ ఉంటే ఎక్కువగా మగవి, 30 డిగ్రీలకు తగ్గితే ఆడవి పుడతాయి. పిల్లల కూతలు వినగానే తల్లి గూడు తవ్వి, వాటిని నోట కరచుకొని నీటికి చేరుస్తుంది.

చర్మం కోసం విపరీతంగా వేటాడటంతో 1967లో ఇది అంతరించే జాతుల జాబితాకెక్కింది. రక్షణ కల్పించాక 1987 నాటికి కోలుకుంది. వేటను చట్టం ఆపింది. కానీ భూమి వేడెక్కితే ఆడ, మగ నిష్పత్తే తారుమారు కావచ్చు. దాన్ని ఆపాల్సింది మనమే.