దూలానికి నల్లపట్టీ

కృష్ణగిరి జిల్లా గ్రానైటు రాతికి పేరుపొందింది. ఎంతో బరువు మోపినా ఆ రాతిస్తంభం చెక్కుచెదరదు. అదే రాతిని రెండు స్తంభాలపై దూలంగా అడ్డం వేస్తే మాత్రం అంత భారం మోయలేదు. బరువు పడినప్పుడు దూలం వంగి, దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. రాయి నొక్కుడుకు ఓర్చుకుంటుంది గాని లాగుడుకు ఓర్చుకోలేదు. పాత గుడి మండపాలలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండడానికి ఇదొక కారణం.

కాంక్రీటు స్వభావమూ ఇదే. అందుచేత దూలం అడుగున ఉక్కుకమ్ములు పెట్టి పోతపోస్తారు. కాలం గడిచేకొద్దీ కమ్ములు తుప్పుపట్టవచ్చు. కట్టిననాడు ఊహించని బరువులు రావచ్చు. హోసూరు, కృష్ణగిరి మీదుగా సాగే 44వ జాతీయ రహదారి పక్కన కొంతసేపు నిలబడితే వంతెనలు మోసే భారమెంతో తెలుస్తుంది. బలం తగ్గిన ప్రతి వంతెననూ పడగొట్టి మళ్లీ కట్టడం అయ్యేపని కాదు.

స్విట్జర్లాండులో లూసర్న్ నగరం వద్దనున్న ఇబాక్ వంతెనకు ఇటువంటి చిక్కే వచ్చింది. ట్రాఫిక్ దీపాల కోసం రంధ్రం చేస్తుండగా కాంక్రీటు లోపలి ఉక్కుతీగలు కొన్ని తెగిపోయాయి. 1991లో దాని అడుగున మూడు కార్బన్ పట్టీలు అంటించి బాగుచేశారు. వెంట్రుక కంటే సన్నని కార్బన్ పోగులను రెసిన్‌తో కలిపి చేసిన నల్లని పట్టీలవి. మూడూ కలిపి 6.2 కిలోలు మాత్రమే. ఉక్కురేకులైతే 175 కిలోలు కావలసి వచ్చేది! పైగా వాటికి తుప్పు భయం లేదు.

అయితే ఊరక అంటించిన పట్టీ, దూలం మరికొంత వంగితేగాని పనిలోకి దిగదు. ఈ లోపాన్ని తీర్చే ఉపాయం ఎద్దులబండి చక్రంలో ఎప్పటినుంచో ఉన్నది. కమ్మరి ఇనుప పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్లు పోస్తాడు. చల్లారిన పట్టా కుదించుకొని చెక్కలన్నింటినీ బిగించి పట్టుకుంటుంది. బండి కదలకముందే పట్టా పని మొదలవుతుంది.

కార్బన్ పట్టీని కాల్చరు, జాకీలతో లాగుతారు. అలా సాగదీసిన పట్టీని దూలం అడుగున జిగురుతో అంటించి, రెండు కొనలనూ ఉక్కుపలకలతో బిగిస్తారు. జాకీలు వదిలాక పట్టీ కుదించుకోజూస్తుంది. ఆ లాగుడే దూలం అడుగును నొక్కిపట్టి పగుళ్లను బిగిస్తుంది. కొనల బిగింపు లేకుంటే పట్టీ కాంక్రీటు పైపొరతో సహా ఊడిరావచ్చు.

ఈ పట్టీకి బలహీనతలూ ఉన్నాయి. ఉక్కువలె బాగా సాగి హెచ్చరించదు, ఉన్నట్టుండి తెగుతుంది. జిగురు వేడికి మెత్తబడుతుంది. అందువల్ల అగ్నిప్రమాదంలో పట్టీ ఊడిపోయినా దూలం వెంటనే కూలకుండా ఉండేటట్లు ఇంజనీర్లు ముందే లెక్క చూసుకుంటారు.