కరిగెటలో తిరిగిన ట్రాక్టరు గేరుపెట్టె: ఇంటివద్ద చేసికొనదగిన మరమ్మతు

నిజాంసాగర్ ఆయకట్టునందలి రైతు సోదరులకు కాలువనీటి వంతు విలువ యెట్టిదో మేము చెప్పనక్కరలేదు. మంజీరపై 1923లో కట్టనారంభించి 1931లో ముగించిన యీ జలాశయపు నీరు పొలమునకు వచ్చిన దినములలోనే కరిగెట తయారు కావలెను, నాటు పడవలెను. ఆ వారములో ట్రాక్టరు గేరుపెట్టె చెడి చెట్టుక్రింద నిలిచినచో, మరమ్మతు కూలికంటెను సామానుల వెలకంటెను తప్పిపోయిన వంతే యెక్కువ నష్టము. కావున ఈ నెల పాఠమును గేరుపెట్టెను గూర్చి వ్రాయుచున్నాము. ముఖ్యముగా పది పదునైదేండ్లు పనిచేసిన, నాలుగు చక్రములకును శక్తి నందించు పాత ట్రాక్టరులు మా మనసులో నున్నవి.

గేరుపెట్టె పోయినదని చెప్పి మమ్ము పిలిచిన పెక్కు తావులలో పెట్టెయందు లోపమే కనబడలేదు. గేరు మార్చునప్పుడు పండ్లు ఒరసికొని కరకరమనుచున్నచో మొదట అనుమానింపవలసినది క్లచ్చిని. క్లచ్చి పెడలునకు తొక్కగానే తగులని కొంత వదులుండవలెను. అది యెంతయో బండితో నిచ్చిన పుస్తకమున మిల్లీమీటర్లలో వ్రాసియుండును. వదులు మిక్కుటమైనచో, ఎంత తొక్కినను క్లచ్చి పూర్తిగా విడువదు. తిరుగుచున్న పండ్లతో పండ్లను కలుపజూచినట్లగును. వదులు బొత్తిగా లేనిచో క్లచ్చిపలక జారి కాలిపోవును. రెండు స్పానర్లతో సరిచేసికొనదగిన ఈ పనికై పెట్టె విప్పించి అప్పుపడినవారు మన సభ్యులలోనే కలరు.

క్లచ్చి సరిగా నున్నచో తరువాత చూడవలసినది నూనె. మన ట్రాక్టరులలో పెక్కింటికి గేర్లు, వెనుక డిఫరెన్షియలు, లిఫ్టు, ఈ మూడింటికిని నూనె యొక్కటే. బండిని సమతలముపై నిలిపి, రాత్రియంతయు చల్లారనిచ్చి, తెల్లవారి కొలతపుల్ల తీసి చూడుడు. పాతబడిన నూనె నల్లబడవచ్చును, అది సహజము. మజ్జిగవలె తెల్లబడియున్నచో నీరు చేరినదని తెలియవలెను. పైకి మామూలుగనే కనబడి నీరు అడుగున నిలిచియుండుటయు కలదు. నీరు నూనెకంటె బరువు గనుక, బండిక్రింద తొట్టి నుంచి డ్రెయిన్ బోల్టును మెల్లమెల్లగా వదులు చేసినచో మొదట నీరే కారును. ఆ మొదటి ధారను గాజుసీసాలో పట్టి వెలుతురున చూచినచో సందేహము తీరును. లిఫ్టు మూలుగుచు ఆలస్యముగా లేచుటయు నిట్టి నూనెకు గుర్తే.

ఇక నీరెట్లు చేరినది? సీలు పోయినదని అందరు చెప్పుదురు. నిజమే, కాని సీలు ఏల పోయినది? దీనిని తెలిసికొననిచో క్రొత్త సీలు వేసినను ఆరు నెలలలో మరల అదే కథ. పెట్టె లోపల నూనెతోపాటు గాలియు నుండును. ఉదయమునుండి దున్నిన బండి పెట్టె చేయి పెట్టరానంత వేడెక్కును, లోపలి గాలి వ్యాకోచించును. ఆ గాలి బయటకు పోవుటకును, చల్లారినపుడు తిరిగి వచ్చుటకును పెట్టెపైన చిన్న మూత యొకటి యుండును. దానినే బ్రీదరందురు. బురద యెండి అది పూడిపోయినచో వేడిగాలి సీళ్లను త్రోసికొని నూనెతో బయటపడును. చక్రము లోపలివైపున నూనెమరక కనబడుట అందువలననే. అంతకంటె చెడ్డది మరియొకటి జరుగును. వేడిగా నున్న బండి నీరు నిండిన మడిలోనికి దిగగానే పెట్టె చల్లబడి లోపలి గాలి ముడుచుకొనును. వేడిచేసిన ఖాళీ చెంబును నీళ్లపళ్లెములో బోర్లించినచో నీరు చెంబులోనికి ఎక్కుట మనము చూచినదే. అట్లే, పైనుండి గాలి రాని పెట్టె సీలుపెదవి సందున బురదనీటిని పీల్చుకొనును. వాగులు దాటుటకై సిద్ధపరచిన జీపులకు ఈ బ్రీదరునుండి రబ్బరు గొట్టమును ఇంజనుదాక ఎత్తున కట్టుటకు కారణమిదియే.

కావున కరిగెట కాలమున ప్రతిదినము సాయంకాలము బ్రీదరు చుట్టునున్న మట్టిని తుడిచి, వారమున కొకసారి ఊడదీసి డీజిలులో కడిగి, నోటితో ఊది గాలి పారుచున్నదో లేదో చూడవలెను. ముందు ఇరుసునకు వేరొక బ్రీదరుండును. దానిని మరచువారే యెక్కువ. గేరుకర్ర మొదట నుండు రబ్బరు తొడుగు పగిలినను వాననీరు లోపలికి దిగును. ఎండలో రబ్బరు ఎన్నాళ్లు నిలుచును? వెల స్వల్పము, చూడగానే మార్చవలెను.

సీలునకు రెండవ శత్రువు వరిగడ్డి. ఇనుప చక్రములు కట్టి మడిలో తిరుగునప్పుడు గడ్డియు, ఎరువుసంచుల ప్లాస్టిక్కు దారములును ఇరుసునకు చుట్టుకొని సీలు అంచును కోసివేయును. పని ముగిసిన వెంటనే కత్తితో కోసి తీయవలెను. మరునాటికి విడిచినచో అవి యెండి రాయివలె బిగియును.

నీరు చేరిన నూనెను వడగట్టియో కాచియో మరల పోయువారున్నారు. మేము దీనిని ఎంతమాత్రము ఒప్పము. తెల్లబడిన నూనెనుండి నీరు తేలికగా విడిపోదు. నీటితోడి నూనె బేరింగులను త్రుప్పు పట్టించును. బండిని కొంత నడిపి, నూనె వెచ్చగా నుండగా, అనగా కాలునంత వేడి కాకుండ, పూర్తిగా దింపివేయుడు. లిఫ్టు పంపునకు ముందుండు జల్లెడను తీసి కడుగుడు. తక్కువ వెలగల క్రొత్త నూనె పోసి, బరువు లేకుండ కొంతసేపు తిప్పి, దానిని గూడ దింపి, పిమ్మట అసలు నూనె పోయవలెను. డీజిలు పోసి బండిని దున్నించుట పండ్ల కపాయకరము. ఏ నూనె పోయవలెనో పుస్తకము చెప్పినదే పోయుడు. నూనెలో మునిగియుండు బ్రేకులుగల బండికి వానికి తగిన నూనె వేరుగా నున్నది. అంగడిలో నుండు మామూలు గేరునూనె పోసినచో బ్రేకులు కీచుమనును, సరిగా పట్టవు. దింపిన పాతనూనెను కాలువగట్టున పారబోయరాదు. ఆ నీరే మన పొలమునకు, మన పశువులకు వచ్చును.

నూనె దింపునప్పుడు బోల్టుకొనకు అంటిన దానిని వ్రేలితో నలిపి చూడవలెను. కొన్ని బండ్లకు ఆ బోల్టునకే అయస్కాంత ముండును. బూడిదరంగు మెత్తని ముద్ద అరుగుదల మాత్రమే, దానికి భయపడనక్కరలేదు. పసుపుపచ్చని మెరుపు కనబడినచో కంచు బుష్షులో వాషర్లో అరుగుచున్నవి. గోటికి తగులు ఉక్కుముక్కలు వచ్చినచో పన్ను విరిగినది, లేదా బేరింగు పగిలినది. అప్పుడు బండి నడుపరాదు. ఒక్క ముక్క మరి నాలుగు గేర్లను పాడుచేయును.

నాలుగు చక్రముల చోదకమును గూర్చి యొక మాట. ముందు చక్రములు వెనుకవానికంటె కొంచెము ముందుగా లాగునట్లే వీనిని తయారుచేయుదురు. బురదలో చక్రము జారును గనుక ఆ తేడా బాధింపదు. తారురోడ్డుపై చక్రము జారదు. ఆ ఒత్తిడి యంతయు పండ్లమీద పడును. అందుచేతనే కొందరికి ముందు చక్రముల మీట ఎంత లాగినను విడువదు. సుత్తితో కొట్టక, బండిని కొన్ని గజములు వెనుకకు నడిపి లాగినచో సాధారణముగా విడిపోవును. ముందు టైర్లు క్రొత్తవై వెనుకవి అరిగియున్నను, వేరు కొలతవి వేసినను ఇదే చేటు. సెకండుహ్యాండు బండి కొనువారు టైరుమీది అంకెలను పుస్తకముతో సరిచూచుకొనవలెను.

కొందరు సభ్యుల యిండ్లలో, తమంత తామే గేర్లు మార్చుకొను పెట్టెగల పాత నాలుగుచక్రముల చోదకపు కార్లును వచ్చినవి. ఇట్టి పెట్టెను అమెరికాలో జనరల్ మోటార్సువారు 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు అమర్చిరి. యుద్ధకాలమున స్టూవర్టు టాంకులలో కొన్నిటికిని ఇదే వాడిరి. ఇందు నూనె పండ్లకు తడి నిచ్చుటతో ఆగదు. నూనె ఒత్తిడియే గేరు మార్చు చేయి. కావున నూనె తగ్గినను వేరు రకము పోసినను బండి ఆలస్యముగా కదలును, లేదా ఇంజను అరచుచు చక్రము తిరుగకుండును. ఇంటివద్ద నూనె కొలత, రంగు, వాసన చూడవచ్చును. మాడువాసన వచ్చినచో లోపలి క్లచ్చులు కాలినవి. మీటనుండి పెట్టెకు పోవు తీగ జారినదేమో చూడవచ్చును. క్రింది పళ్లెము దించి జల్లెడ మార్చుటయు ఓపికగలవానికి సాధ్యమే. ఆపైన సన్నని కవాటముల పలకను ముట్టరాదు. దుమ్ము కణ మొకటి చాలును. చెడినపుడు చక్రములు నేలపై దొర్లునట్లు లాగుకొనిపోక, లారీపై నెక్కించుటయే మేలు.

ట్రాక్టరును నడుమ విడదీయుటను మాత్రము ఇంటివద్ద తలపెట్టవలదు. ముందు ఇరుసు నడుమ కీలుపై ఊగునది. రెండు ప్రక్కల చీలలు బిగింపక జాకీ నెత్తినచో ఇంజను ఒరిగి మనిషిపై పడును. వెనుక ఇరుసుగొట్టము విప్పినచో బేరింగునకు ఎంత బిగువుండవలెనో పలుచని రేకులతో కొలిచి పెట్టవలెను. ఇవి పనితెలిసిన మెకానిక్కు చేయవలసినవి. ఆతనివద్దకు పోవునపుడు సీసాలో పట్టిన నూనెను, బోల్టుకు దొరికిన ముక్కలను వెంట తీసికొనిపోయినచో, ఏ భాగము విప్పవలెనో ఆతడును త్వరగా తేల్చును, మీరును లేనిపోని ఖర్చునకు లోబడరు.

క్రొత్త నూనె పోసిన బండిని మొదటి యేబది గంటల పని పిమ్మట మరల రాత్రియంతయు నిలిపి, డ్రెయిన్ బోల్టు వదులు చేసి చూడుడు. చుక్క నీరు లేనిచో యాసంగికి బండి సిద్ధము. నూనె చిల్లర సీసాలలో ఒక్కొక్కరు కొనుటకంటె, ఒకేరకము బండ్లుగల సభ్యులు కలిసి 210 లీటర్ల పీపాను సంఘము ద్వారా తెప్పించుకొనుట చౌక. నీరు విడువకమునుపే సంఘ కార్యదర్శికి తమ బండి పేరు, నమూనా, కావలసిన లీటర్లు వ్రాయించవలెను.