గడప దాకా వచ్చే వైద్యం: ప్రజారోగ్య నర్సు సేవ, మన ఇళ్ల బాధ్యత

రోగం వచ్చినవాడు వైద్యుణ్ణి వెతుక్కుంటూ వెళ్లడం లోకంలో అందరికీ తెలిసిన పద్ధతే. రోగం రాకముందే వైద్యసేవ మన ఇంటిని వెతుక్కుంటూ వచ్చే పద్ధతి మరొకటుంది. టీకాల పెట్టె భుజాన వేసుకుని, చంకలో రిజిస్టరు పెట్టుకుని, ఎండనబడి బస్తీకి వచ్చే ఎ.ఎన్.ఎం. సోదరి చేస్తున్నది ఆ పనే. మనవాళ్లు ఆమెను ‘సూది నర్సమ్మ’ అంటారు. చదువుకున్నవాళ్లు ఆ పనిని ప్రజారోగ్య నర్సింగ్ అంటారు. ఆమె తలుపు తట్టినప్పుడు మన ఇళ్లలో ఏం జరుగుతోంది, ఏం జరగాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ప్రియ పాఠకులారా! ఇది చిన్న విషయమనిపిస్తే 2016లో మన జంటనగరాల్లో జరిగిన సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి.

మురుగునీటిలో దొరికిన ఆనవాలు

మన దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి బిడ్డ 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. పోలియోలో మూడు రకాలున్నాయి. రెండవ రకం లోకంలో లేకుండా పోయింది కాబట్టి, 2016 ఏప్రిల్ 25 నుండి మన దేశంలో చుక్కల మందులోంచి ఆ రకాన్ని తొలగించారు. సరిగ్గా ఆ తర్వాత కొద్ది వారాలకే హైదరాబాద్‌లో సేకరించిన మురుగునీటి నమూనాలో ఆ రెండవ రకం వైరస్ కనిపించింది.

అది ఎక్కడి నుండి వచ్చింది? చుక్కల మందులో ఉండేది బలం తీసేసిన సజీవ వైరస్. టీకా వేయించుకోని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట అది ఒక బిడ్డ పేగుల్లోంచి ఇంకో బిడ్డ పేగుల్లోకి తిరుగుతూ, కాలం గడిచేకొద్దీ పోయిన బలాన్ని మళ్లీ తెచ్చుకోగలదు. అంటే లోపం చుక్కలు వేయించుకున్న ఇంటిది కాదు. వేయించుకోని ఇళ్లు ఒకచోట గుమికూడడంలో ఉంది లోపం. అదృష్టవశాత్తు ఆ సందర్భంలో ఏ బిడ్డకూ కాళ్లు చచ్చుబడలేదు. అయినా అధికారులు ఊరుకోలేదు. జూన్ నెలలో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ప్రమాదం ఎక్కువగా ఉన్న బస్తీలను ఎంచుకుని, ఆరు వారాల నుండి మూడేళ్ల వయసు పిల్లలకు ఇంజక్షన్ రూపంలోని పోలియో టీకా వేశారు. వారం తిరగకుండానే 3 లక్షల 11 వేల మందికి పైగా పిల్లలకు టీకా అందింది. లక్ష్యంలో అది 94 శాతం.

ఆ టీకా వేయడం అంత తేలికైన పని కాదు. టీకా కొరత వల్ల మామూలు మోతాదైన 0.5 మిల్లీలీటర్లలో అయిదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు మాత్రమే వేశారు. దాన్ని కండలోకి కాదు, చర్మం పొరల మధ్యకు ఎక్కించాలి. సరిగా పడితే అక్కడ చిన్న బొబ్బలా లేస్తుంది. సూది కాస్త లోతుకు పోతే ఆ కొద్ది మందు వల్ల రావలసిన ఫలితం తగ్గిపోతుంది. ఏడుస్తూ కాళ్లూ చేతులూ ఆడించే పసిబిడ్డ చేతికి అలా వేయాలంటే ఎంత నేర్పు కావాలో తల్లులే చెప్పాలి. అది రమజాను మాసం కూడా. మన ఇళ్లలో ఉపవాసాలు నడుస్తుండగా, జూన్ ఎండలో మెట్లెక్కి దిగినవారు ఆ నర్సులు, ఆశా కార్యకర్తలే.

ఈ సేవకున్న నియమాలు

ఆసుపత్రి నర్సుకు రోగి ఒక్కడే లోకం. ప్రజారోగ్య నర్సుకు ఇల్లు మొత్తం ఒక్క లెక్క. దాదీ దగ్గు, కోడలి రక్తహీనత, పసిబిడ్డ బరువు, పెరట్లోని నీళ్ల డ్రమ్ము అన్నీ ఆమె రిజిస్టరులోకి వస్తాయి. కేంద్రానికి వచ్చినవారిని చూసుకుంటే ఆమె పని సగమే అయినట్లు. రానివారెవరో కనిపెట్టి వారి దగ్గరకు వెళ్లడం మిగతా సగం. పట్టణ ఆరోగ్య మిషన్ 2013లో మొదలైనప్పుడు పెట్టిన ప్రమాణం ప్రకారం సుమారు 10 వేల జనాభాకు ఒక ఎ.ఎన్.ఎం. ఉండాలి. ఆ ఒక్క సోదరి మీద ఎన్ని గుమ్మాల బరువుందో ఊహించండి.

ఇంటికి వెళ్లే వరుసకూ ఒక పద్ధతుంది. ముందు పురిటిబిడ్డ ఉన్న ఇల్లు, తర్వాత గర్భిణి ఉన్న ఇల్లు, అంటురోగి ఉన్న ఇల్లు ఆఖరున. రోగాన్ని తన చేతులతో పసిబిడ్డ దగ్గరకు మోయకూడదని ఈ ఏర్పాటు. ఇంట్లోకి రాగానే సంచిని నేల మీద పెట్టదు. శుభ్రమైన చోట కాగితం పరచి దాని మీద పెడుతుంది, చేతులు కడుక్కుని గాని సంచి తెరవదు. కొందరు ఇల్లాళ్లు ‘మా ఇల్లు అంత మురికిగా ఉందా?’ అని నొచ్చుకుంటారట. అది మీ ఇంటి మీద తీర్పు కాదు, అమ్మా! నిద్ర లేచినవారు చేతులు కడగకుండా పాత్రలో ముంచవద్దని దైవప్రవక్త (స) బోధించారు కదా. దాని వెనుక ఉన్న జాగ్రత్తే ఇక్కడా ఉంది.

మరో నియమం నాకు చాలా నచ్చింది. ప్రజారోగ్య నర్సు తాను సేవచేసే ఇళ్లలో కానుకలు పుచ్చుకోరాదు. జకాత్ వసూలుకు వెళ్లిన ఒక వ్యక్తి, ఇది ప్రభుత్వానికి, ఇది నాకిచ్చిన కానుక అని వేరుచేసి చూపినప్పుడు, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే నీకా కానుక వచ్చేదా అనే అర్థంలో దైవప్రవక్త (స) అందరి ముందు మందలించిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. పండుగనాడు బిర్యానీ పెట్టి పంపితే తప్పేముందని మనకు అనిపిస్తుంది. ప్రేమతో గ్లాసెడు మంచినీళ్లివ్వండి, కూర్చోబెట్టండి. కాని కవరు చేతిలో పెట్టి ఆమె అమానతును ఇరకాటంలో పెట్టవద్దు.

మన చరిత్రలో

ఈ అంశం వచ్చినప్పుడల్లా హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి) మస్జిదె నబవీలో గుడారం వేసి క్షతగాత్రులకు సేవచేసిన గాథ చెప్పుకుని తృప్తిపడడం మనకు అలవాటైంది. అది నిజంగా గొప్ప గాథే. ఖందక్ యుద్ధంలో గాయపడ్డ హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను చేర్చింది ఆ గుడారంలోకే. కాని అది గాయపడ్డాక అందే సేవ. మన అంశానికి దగ్గరి ఉదాహరణలు వేరే ఉన్నాయి. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి)కు ఒక చర్మరోగానికి చేసే చికిత్స తెలుసు. దాన్ని హజ్రత్ హఫ్సా (రజి)కు కూడా నేర్పమని దైవప్రవక్త (స) ఆమెను కోరారు. తెలిసిన స్త్రీ తెలియని స్త్రీకి నేర్పడమే కదా ప్రజారోగ్య నర్సు చేసే పని! బాటల్లో, నీడ పట్టున, నిలిచిన నీటిలో మలమూత్ర విసర్జన చేయవద్దన్న బోధనలు, పాత్రలపై మూతపెట్టమన్న ఆదేశం రోగి కోసం చెప్పినవి కావు, ఊరి కోసం చెప్పినవి.

సిరియాలో అమవాస్ ప్లేగు చెలరేగిన సందర్భం అన్నిటికన్నా ముఖ్యమైనది. హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటి దాకా వెళ్లి, సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. విధివ్రాత నుండి పారిపోవడమా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక విధివ్రాత నుండి మరో విధివ్రాత వైపే వెళుతున్నామని బదులిచ్చారు. ప్లేగు ఉన్న ఊళ్లోకి పోవద్దు, ఉన్న ఊరి నుండి పారిపోవద్దు అన్న ప్రవక్త బోధన అప్పుడే హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వినిపించారు. ‘అంతా తఖ్దీర్’ అంటూ టీకా కార్డు పక్కన పడేసే సోదరులు ఈ ఘట్టాన్ని ఒకసారి పూర్తిగా చదవాలి.

మనవాళ్ల అనుమానాలు

జుమా తర్వాత అడిగే ప్రశ్నల్లో మొదటిది: టీకాలతో మన పిల్లలకు సంతానం కలగకుండా చేస్తున్నారట, నిజమేనా? ఈ పుకారు కొత్తది కాదు. 2003లో నైజీరియాలోని కానో రాష్ట్రంలో ఇదే మాట మీద పోలియో చుక్కలను నెలల తరబడి ఆపేశారు. వైరస్ అక్కడి నుండి ఇతర దేశాలకు పాకి 2005 నాటికి ఇండోనేషియా దాకా చేరింది. కాళ్లు పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది ముస్లింల బిడ్డలే. ఉత్తరప్రదేశ్‌లోనూ ఇదే అనుమానం పాకినప్పుడు ఉలమాలు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వారు బస్తీల్లోకి వెళ్లి నచ్చజెప్పారు. అప్పుడు చుక్కలు వేయించుకున్న పిల్లలు ఇప్పుడు తల్లులూ తండ్రులూ అయ్యారు. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

ఇంకో మాట. హజ్‌కు వెళ్లేవారికి మెదడువాపు నివారణ టీకా తప్పనిసరి. టీకా శిబిరంలో వరుసలో నిలబడి చేయి చాచేటప్పుడు మనకు ఏ అనుమానమూ రాదు. ఇంట్లో మనవడికి వేస్తామంటే మాత్రం వస్తుంది!

రెండో ప్రశ్నకు బలముంది. కొన్ని టీకాల్లో జెలటిన్ వాడతారు, అది ధర్మసమ్మతమా? పదార్థం పూర్తిగా మారిపోవడాన్ని ఫిఖ్‌హ్‌లో ఇస్తిహాలా అంటారు. 1995లో కువైట్‌లోని ఇస్లామిక్ వైద్య శాస్త్రాల సంస్థ జరిపిన సదస్సులో పండితులు ఈ సూత్రం ఆధారంగా అలాంటి జెలటిన్‌ను అనుమతించారు. దీన్ని అంగీకరించని పండితులూ ఉన్నారు. వారిలోనూ అనేకులు, ప్రాణాపాయం ఉండి వేరే మందు లేనప్పుడు, ‘జరూరత్’ కింద అనుమతిస్తారు. సందేహం ఉన్నవారు తమకు నమ్మకమైన ఆలిమ్‌ను అడగాలి. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను కాదు.

మూడోది పర్దా. ఇంట్లో మగవాళ్లు లేరని నర్సమ్మను గుమ్మం నుండే పంపేయడం ఏ ధర్మమూ కాదు. ఆమె స్త్రీ, వచ్చింది స్త్రీల కోసం, పిల్లల కోసం. భర్తలు పనికి వెళ్లేముందే ‘ఆమె వస్తే వేయించు’ అని ఒక్క మాట చెప్పి వెళ్లాలి. ఆ మాట లేక ఎన్నో కార్డుల్లో గళ్లు ఖాళీగా మిగిలిపోతున్నాయి.

ఎవరూ పైకి అడగని నాలుగో విషయం క్షయ. పెళ్లీడు ఆడపిల్లకు క్షయ అని తెలిస్తే సంబంధాలు రావని దాచిపెడతారు, కాస్త తగ్గగానే మందులు మానిపిస్తారు. మామూలు క్షయకు ఆరు నెలల మందు పూర్తిగా వాడితే దాదాపు అందరికీ నయమవుతుంది. మధ్యలో మానేస్తే మందులకు లొంగని క్షయగా మారవచ్చు, అప్పుడది ఇంట్లో చిన్నపిల్లలకూ అంటుతుంది. ఇంటి గుట్టు కాపాడడం నర్సు వృత్తి ధర్మం. ఆమె దగ్గర దాచిన రోగం మాత్రం ఎవరినీ కాపాడదు.

మన అమ్మాయిలు ఎక్కడ?

ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్యాన్ని ఫర్జె కిఫాయాలో లెక్కించారు. అంటే సమాజంలో కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చేయకపోతే అందరూ పాపులే. మా ఇంటికి బురఖా స్త్రీ వస్తే బాగుండును అని కోరుకునే మనమే, పదో తరగతి దాటిన అమ్మాయి నర్సింగ్ చదువుతానంటే ముఖం చిట్లిస్తాం. బస్తీ భాష, ఉర్దూ యాస, అత్తాకోడళ్ల మర్యాదలు తెలిసిన పిల్ల ఆ సంచి మోస్తే, బయటి నుండి వచ్చిన సోదరి పదిసార్లు తిరిగే పని ఒక్కసారితో అవుతుంది. ఈ విషయంలో మన పెద్దల తీరు నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఆమె వచ్చినప్పుడు

పసిబిడ్డకు పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలకు, ఆపైన 9 నెలలకు, 16 నుండి 24 నెలల మధ్య మిగతావి. టీకాలను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి కాబట్టి ఆమె పెట్టె తెరిచి ఎక్కువసేపు ఆగలేదు. పిలవగానే బిడ్డను తీసుకురండి. సీసా మీద వృత్తంలో ఒక చిన్న చదరం ఉంటుంది. ఆ చదరం చుట్టూ ఉన్న వృత్తం కన్నా లేతగా ఉంటే మందు బాగున్నట్లు. చూపించమని అడగవచ్చు, ఆమె నొచ్చుకోదు. టీకా వేశాక అరగంట సేపు అక్కడే ఉండండి. సూది పడ్డచోట పసుపు, నూనె రాయవద్దు. జ్వరం వస్తే ఆమె చెప్పిన మోతాదులోనే మందివ్వండి.

నీళ్ల డ్రమ్ముల సంగతి ఆమె అడిగితే విసుక్కోవద్దు. దోమే మలేరియాను మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్ పక్కన బేగంపేటలోనే. అందుకోసం తన ఒంటిని దోమలకు అప్పగించిన రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన దోమకొక అణా చొప్పున అతనికి ముట్టింది. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి జుమా స్నానానికి ముందు డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి, రుద్ది ఆరబెట్టే అలవాటు చేసుకుంటే వారం లెక్క తప్పదు.

టీకా కార్డును పెళ్లి పత్రిక, రేషను కార్డులతో కలిపి ఒకే సంచిలో భద్రపరచండి. ఇల్లు మారితే వెంట తీసుకెళ్లి కొత్త బస్తీలోని ఎ.ఎన్.ఎం.కు చూపించండి. కార్డు పోయినా వెనకాడవద్దు. పాత కేంద్రం రిజిస్టరులో బిడ్డ పేరు ఉంటుంది, అది చూసి కొత్త కార్డు రాసిస్తారు.