నెల జీతం లేని సంపాదన: పన్ను, రిజిస్ట్రేషన్ సంగతులు

చదువు పూర్తవగానే ఉద్యోగం అనే మాట మన హాస్టల్లో ఇప్పటికీ మారలేదు. కానీ మా పీజీ బ్యాచ్‌లోనే కొందరం డీటీపీ చేస్తున్నాం, కొందరం అనువాదాలు, వెబ్‌సైట్ల పని చేస్తున్నాం. దీన్నే ఫ్రీలాన్స్ అంటున్నారు. మన ఇళ్లలో కూలి డబ్బులు సాయంత్రానికి చేతిలో పడతాయి గానీ, పాన్ కార్డు, రిటర్ను అనే మాటలు వినపడవు. అడుగుదామంటే చెప్పే పెద్దవాళ్లు లేరు. అందుకని తమ్ముళ్ల కోసం మేము తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాం.

సొంతంగా పని చేయాలంటే కంపెనీ పెట్టాలేమోనని చాలామందికి భయం. అవసరం లేదు. మన పేరు మీద, మన పాన్ మీదే పని చేయవచ్చు. ఆధార్‌కు ఫోన్ నంబరు లింక్ అయి ఉంటే ఆదాయపు పన్ను శాఖ పోర్టల్లో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవ చుట్టూ తిరిగిన మనకు ఇది పెద్ద పనేమీ కాదు.

అసలు తెలుసుకోవలసింది టీడీఎస్ గురించి. ఒక కంపెనీ మనకు ఏడాదిలో వృత్తి ఫీజుగా 50,000 రూపాయలకు మించి ఇస్తే, సాధారణంగా అందులో 10 శాతం పట్టుకొని మన పాన్ మీద ప్రభుత్వానికి కడుతుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 30,000 ఉండేది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది.

లెక్క చూద్దాం. ఒకరికి ఏడాదిలో 1,80,000 వచ్చిందనుకోండి. 18,000 కోత పోగా చేతికి 1,62,000 వస్తుంది. 2025 బడ్జెట్ మార్చిన శ్లాబుల ప్రకారం కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు. రిబేటు వల్ల 12 లక్షల ఆదాయం వరకు కట్టవలసింది ఉండదు. అంటే ఆ 18,000 మనదే! అయితే అడగనిదే రాదు. రిటర్ను దాఖలు చేస్తేనే బ్యాంకు ఖాతాలో తిరిగి పడుతుంది. "మనకు పన్ను లేదు కదా, రిటర్ను ఎందుకు" అనేవారు పోగొట్టుకునేది ఇదే. ఆ డబ్బు ఇంట్లో ఎన్ని రోజుల కూలికి సమానమో మీకే తెలుసు.

మరో ఉపయోగం ఉంది. జీతం చీటీ లేనివారు అప్పుకు వెళితే బ్యాంకు గత రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతుంది. తాకట్టు పెట్టడానికి మనలో చాలామందికి పొలం లేదు. చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది.

లాయర్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్ల వంటి కొన్ని వృత్తులవారు వచ్చిన మొత్తంలో సగాన్ని లాభంగా చూపితే చాలు, ఖర్చుల పుస్తకాలు రాయనక్కరలేదు. అనువాదం, డీటీపీ ఆ జాబితాలో పేరుపెట్టి లేవు. కాబట్టి మొదటి ఏడాది ఒక ఆడిటర్‌ను అడగడం మంచిది.

జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సేవలు అందించేవారికి ఏడాదికి 20 లక్షలు దాటే వరకు సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. నంబరు లేకుండా బిల్లులో జీఎస్టీ వేసి వసూలు చేయడం మాత్రం నేరం. చిన్న పరిశ్రమల కోసం 2020లో మొదలైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ప్రభుత్వ సైటులా కనిపిస్తూ వేలకు వేలు అడిగేవి ఉన్నాయి, వాటికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

ఇక బిల్లు. తెల్లకాగితం మీదైనా సరే మన పేరు, చిరునామా, పాన్, బిల్లు నంబరు, తేదీ, చేసిన పని, మొత్తం, ఖాతా నంబరు రాసి ఇవ్వాలి. ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలి. డబ్బు నగదుగా కాక బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ఏప్రిల్ నుంచి మార్చి వరకు వచ్చిన ప్రతి రూపాయీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ, కంపెనీ కోసిన టీడీఎస్ మన పాన్ మీద జమ అయిందో లేదో పోర్టల్లో చూసుకోవాలి. జమ కాకపోతే వెంటనే కంపెనీవారికి ఉత్తరం రాయాలి.